అనంతగిరి టీబీ దవాఖాన: క్షయరోగుల రంది, ఊరట

వికారాబాద్ నుంచి తాండూరుకు పోయే రోడ్డు ఊరు దాటగానే అనంతగిరి గుట్టలెక్కుతుంది. ఆ గుట్టల మీద, అడవి నడుమ, 1946లో నిజాం పాలనలో క్షయరోగుల కోసం ఒక శానిటోరియం వెలిసింది. కాగితాల మీద దాని పేరు ఏదైనా, చుట్టుపక్కల ఊళ్ల నోట అది టీబీ దవాఖాన. ఊపిరితిత్తుల జబ్బు కోసం కట్టిన ఆ ఆసుపత్రికి వచ్చిన మనిషి వెంట ఇంకో బరువు కూడా వచ్చేది. ఇల్లు విడిచిన దిగులు, తన దగ్గు విని పిల్లలను దూరం జరిపిన చుట్టాల జ్ఞాపకం, తిరిగి పోతానో లేదో అన్న బుగులు. వీటన్నిటికీ కలిపి తెలంగాణలో ఒక మాట ఉంది: రంది. అది ముదిరితే మనాది. మనాదితో మంచం పట్టాడని, మనాదితోనే పోయాడని ఇప్పటికీ ఊళ్లలో చెప్పుకుంటారు. అనంతగిరి చరిత్రలో మందుల కథ ఒక పాయ అయితే, ఈ రందిని మనుషులు ఎట్లా మోశారన్నది రెండో పాయ. రెండో పాయను ఎవరూ రిజిస్టరులో రాసిపెట్టలేదు.

గుట్టకు ఆ పేరు అక్కడి అనంత పద్మనాభస్వామి వల్ల వచ్చింది. స్థలపురాణం ముచుకుందుడి చుట్టూ తిరుగుతుంది. దేవతల పక్షాన ఏళ్ల తరబడి యుద్ధం చేసి అలసిపోయిన ఆ రాజు, వరం కోరుకొమ్మంటే నిద్ర కోరుకున్నాడు. ఎవరూ లేపని చోటు వెతుక్కుంటూ ఈ గుట్టల్లోని గుహ చేరి పడుకున్నాడని ఇక్కడి నమ్మకం. తరవాత అతడే నదిగా మారాడని, ఆ ముచుకుందా నదే మూసీ అని చెబుతారు. మూసీ ఈ గుట్టల్లో పుట్టి తూర్పుగా హైదరాబాద్ మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా కూడా ఈ గుట్టల సీమలోనే పుట్టి పడమరగా తాండూరు వైపు పోయి భీమలో చేరుతుంది. అలసిన యోధుడు నిద్ర కోసం వచ్చిన గుట్ట మీదనే, విశ్రాంతే వైద్యమన్న ఆసుపత్రిని కట్టడం యాదృచ్ఛికం. అయినా ఆ పోలిక పట్టుకోకుండా ఉండడం కష్టం.

స్థలం ఎంపికకు మాత్రం గట్టి కారణాలున్నాయి. వికారాబాద్ పట్టణం పాయిగా వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా పేరుతో వెలిసింది. ఫలక్‌నుమా కట్టించినవాడు, 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి దివానుగా ఉన్నవాడు ఆయనే. పట్టణం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంటుంది. ఎండాకాలంలో హైదరాబాద్ మాడిపోతున్నా ఇక్కడ రాత్రికి చల్లగాలి దిగుతుంది. వికారాబాద్ గాలి లక్షల మంది రోగులకు మందు అని ఉర్దూలో ఒక నానుడే పుట్టింది. పైగా రైలు ఉంది. వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో మొదలైంది. ఆ దారి మీదనే తాండూరు, వికారాబాద్ రెండూ ఉన్నాయి. తరవాత బీదర్ వైపు లైను పడడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. హైదరాబాద్ నుంచి, గుల్బర్గా నుంచి, బీదర్ నుంచి నడవలేని రోగి కూడా రైలు దిగి రాగల చోటు అది. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలోదే. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసి బతికిన సీమ ఇది. ఒకరు రంది అన్నదాన్ని ఇంకొకరు చింతె అంటారు, మరొకరు ఫికర్ అంటారు. ఒకరి గోస ఇంకొకరికి అర్థం కావడానికి భాష అడ్డం రాదు.

దుఃఖానికీ క్షయకూ చుట్టరికం ఉందన్న ఆలోచన చాలా పాతది. చరకసంహిత ఈ జబ్బును రాజయక్ష్మ అంది. దానికి నాలుగు మూలాలు చెప్పింది: శక్తికి మించిన శ్రమ, శరీర వేగాలను బిగబట్టడం, ధాతువుల క్షయం, వేళాపాళా లేని తిండి. ఈ మూడోదాని కింద శోకాన్ని, చింతను చేర్చింది. మనసు అదే పనిగా దుఃఖంలో మునిగితే లోపలి సారం తరిగిపోతుందన్నది ఆ వాదం. చంద్రుడి కథ కూడా అందరికీ తెలిసిందే. ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణి మీదనే మనసు పెట్టినందుకు దక్షుడి శాపంతో క్షీణించిన చంద్రుడికి మళ్లీ వెలుగు వచ్చింది, కానీ పూర్తిగా కాదు, పక్షం తగ్గుతూ పక్షం పెరుగుతూ. క్షయ రోగి బతుకు కూడా చాలాకాలం అట్లాగే నడిచింది. ఒక నెల తేరుకోవడం, మరో నెల కుంగడం.

1882 మార్చి 24న రాబర్ట్ కోఖ్ బెర్లిన్‌లో క్షయ సూక్ష్మజీవిని ప్రకటించాక ఈ జబ్బు దుఃఖం వల్ల పుట్టదని, ఒకరి నుంచి ఒకరికి సోకుతుందని తేలింది. సైన్సుకు అది గొప్ప వెలుగు. ఇంట్లో ఉన్న రోగికి మాత్రం దానివల్ల కొత్త కష్టం వచ్చిపడింది. అంతకుముందు వంశదోషమనో, ఖర్మమనో జాలిపడిన వాళ్లు ఇప్పుడు భయపడడం మొదలుపెట్టారు. కంచం వేరైంది, గ్లాసు వేరైంది, మంచం పడసాలలోంచి కొట్టంలోకి పోయింది. నిజానికి క్షయ కంచం వల్లా గ్లాసు వల్లా రాదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాల్లోకి వచ్చే తుంపరల వల్ల వస్తుంది. ఆ సంగతి ఊళ్లకు చేరకముందే కంచాల వేర్పాటు చేరింది. ఆడవాళ్లకు ఇంకో శిక్ష కూడా పడింది. దగ్గుతున్న కోడలిని తల్లిగారింటికి పంపడం, పంపినాక తీసుకుపోవడానికి ఎవరూ రాకపోవడం. పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో జబ్బు పేరు ఎత్తరు. దగ్గు జబ్బు అంటారు, పాణం మంచిగ లేదంటారు. పేరు చెప్పలేని బాధను పంచుకోవడం ఎట్లా?

తెలుగు సాహిత్యంలో ఈ జబ్బు తీసుకుపోయిన వాళ్ల జాడ ఉంది. శ్రీశ్రీ స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో చనిపోయాడు. 1950లో అచ్చయిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ ఆయనకే అంకితం చేశాడు. స్నేహితుణ్ణి మింగిన రోగం మీద, పట్టించుకోని లోకం మీద ఒక కవి పెట్టుకున్న దుఃఖం ఆ పుస్తకపు గుమ్మంలోనే నిలబడి ఉంది. దుఃఖాన్ని ఊరికే దిగమింగకుండా దాన్ని పనికి పెట్టడం ఎట్లాగో తెలుగు పాఠకుడికి కళ్లముందున్న ఉదాహరణల్లో అదొకటి. ఊళ్లలో చనిపోయిన వేలమందికి మాత్రం అట్లాంటి అంకితాలు లేవు. పెత్రమాస నాడు వాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పోయినవాళ్లను తలచుకోవడం, పూలు పేర్చి ఆడడం తెలంగాణలో ఒకే రోజు పడతాయి. అది దుఃఖాన్ని దాటే పద్ధతుల్లో చాలా తెలివైనది. అయితే ఆ పద్ధతి పోయినవాళ్ల కోసం. బతికి ఉండగానే దూరమైన రోగికి ఊరి ఆచారంలో చోటు దొరకలేదు.

శానిటోరియం ఆ ఖాళీలోకి వచ్చింది. దాని ఆలోచన యూరప్‌ది. హెర్మన్ బ్రెహ్మర్ 1850లలో గోర్బర్స్‌డార్ఫ్ కొండల్లో మొదలుపెట్టిన పద్ధతి అది: కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, వైద్యుడి కనుసన్న. తెలుగు నేల మీద దానికి పెద్ద ఉదాహరణ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. మిషన్ సంస్థలు కలిసి పెట్టిన ఆ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపించాడు. అనంతగిరి ఆ వరసలో ఆలస్యంగా వచ్చింది. అదే 1946లో భోర్ కమిటీ బ్రిటిష్ ఇండియా ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. దేశంలో దాదాపు 25 లక్షల మంది క్షయతో బాధపడుతున్నారని, ఏటా 5 లక్షల మంది చనిపోతున్నారని, ఆసుపత్రుల్లో ఉన్న పడకలు 6 వేలు మాత్రమేనని అది లెక్క కట్టింది. నాలుగు వందల మందికి ఒక మంచం అన్నమాట. ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే అనంతగిరిలో ఒక మంచం దొరకడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది. మంచం దొరకని మిగతా వాళ్లు ఎక్కడ ఉన్నారో కూడా అర్థమవుతుంది.

ఆనాటి శానిటోరియంలలో రోజు గంట ప్రకారం నడిచేది. పొద్దున్నే లేవడం, పాలు, గుడ్డు, డాక్టరు రౌండు, మధ్యాహ్నం భోజనం, ఆ తరవాత మాటా పలుకూ లేని విశ్రాంతి వేళ. పడకలు వరండాల్లో, కిటికీలు తెరిచి. కొంచెం కోలుకున్నవాళ్లకు కొలత పెట్టిన నడక. మొదట వార్డు చుట్టూ, తరవాత చెట్ల దాకా, ఆ తరవాత ఇంకొంచెం దూరం. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పేటర్సన్ ఇంకో అడుగు ముందుకేసి రోగులకు మెట్టు మెట్టుగా శ్రమ అప్పగించాడు. బుట్ట మోయడం, తవ్వడం, తోటపని. పనికిరానివాణ్ణయ్యాను అన్న భావం రోగిని ఎంత తినేస్తుందో గమనించిన వైద్యులు చేసిన పని అది.

మంచం తల దగ్గర వేలాడే కాగితం గురించి కొంచెం నిలిచి చెప్పాలి. అది జ్వరం పట్టిక. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, రెంటినీ కలిపే గీత. క్షయలో జ్వరం సాయంత్రమే పెరుగుతుంది. కాబట్టి పొద్దున 98 చూసి కుదుటపడ్డ మనిషి మధ్యాహ్నం నుంచి థర్మామీటరు కోసం ఎదురుచూస్తుంటాడు. గీత నేలబారుగా పోతే వారం గడిచింది. 100 దాటి ఒక కొమ్ములా లేస్తే, ఇంటికి పోయే తేదీ ఇంకో నెల వెనక్కి జరిగినట్టే. రోగి తన మనసును ఆ గీతకు కట్టేసుకునేవాడు. మంచం పక్కన మూత ఉన్న ఉమ్మి డబ్బా మరో గురువు. అందులో ఫినాయిలు నీళ్లు, పైన నంబరు. దగ్గిన ప్రతిసారీ మూత తీసి అందులోనే ఉమ్మాలి, మూత పెట్టాలి. ఎర్రజీర కనిపించిందా లేదా అని చూడకూడదనుకుంటూనే చూస్తారు. ఇల్లంతా భయపడిన తన ఊపిరిని మనిషి అక్కడ తన చేతులతో మూత పెట్టి ఒక క్రమంలో పెట్టుకోవడం నేర్చుకుంటాడు. దాన్ని క్రమశిక్షణ అనేవాళ్లు. భయాన్ని చేతిపనిగా మార్చడం అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఆ రోజుల్లో శస్త్రవైద్యం కూడా కఠినమైనది. ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లనీని చూపిన దారిలో, ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేట్టు చేసేవారు. పుండుకు కదలిక లేకపోతే మానుతుందని లెక్క. కొన్నాళ్లకు ఒకసారి సూది గుచ్చి మళ్లీ గాలి నింపాలి. అది చాలనివాళ్లకు పక్కటెముకలు తీసేసే ఆపరేషన్ ఉండేది. బతికి బయటపడ్డవాళ్ల భుజం ఒకవైపు వాలిపోయేది. చొక్కా వేసుకున్నా ఆ వాలు తెలిసిపోయేది.

ఇంత బాధలో ఊరట ఎక్కడ దొరికింది? శానిటోరియం జీవితం గురించి ప్రపంచమంతటా రాసినవాళ్లు దాదాపు ఒకే మాట చెబుతారు: పక్క మంచం. ఇంట్లో ఒంటరి రోగిగా ఉన్నవాడు వార్డుకు వచ్చేసరికి అందరిలాంటివాడయ్యాడు. ఇక్కడ అందరూ దగ్గేవాళ్లే. ఎవరి కంచం ఎవరికీ అంటు కాదు. జబ్బు పేరు గొంతెత్తి చెప్పుకోవచ్చు. కొత్తగా వచ్చి రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నవాడికి, ఏడాది నుంచి ఉన్నవాడు ఎట్లా దగ్గాలో, ఎట్లా దగ్గును ఆపుకోవాలో, డాక్టరును ఏం అడగాలో చెబుతాడు. ఉత్తరాలు రాయడం రానివాళ్లకు వచ్చినవాళ్లు రాసిపెడతారు. పక్క మంచం ఖాళీ అయిన రాత్రి వార్డు మొత్తం మేలుకొని ఉంటుంది. ఆ దుఃఖం కూడా పంచుకున్నదే. ఊరు ఇవ్వలేని ఆచారాన్ని వార్డు తనకు తాను కల్పించుకుంది. శానిటోరియం గాలి ఎంత మందిని బతికించిందన్న దాని మీద వైద్యులు తరవాత చాలా వాదించుకున్నారు. ఆ పక్క మంచం విలువ మీద మాత్రం వాదన అవసరం లేదు.

అయితే ఒకమాట దాచకుండా చెప్పాలి. శానిటోరియం అందరికీ ఊరట ఇవ్వలేదు. నెలల తరబడి ఇంటికి దూరమైతే కూలి ఆగిపోతుంది, అప్పు పెరుగుతుంది, చంటిపిల్లలు తల్లిని మరిచిపోతారు. చాలామంది మధ్యలోనే వెళ్లిపోయేవారు. గుట్ట మీద ఉండడమే ఒక ముద్ర అయింది. అనంతగిరి పోయివచ్చినవాడంటే ఏమిటో అందరికీ తెలుసు.

దవాఖాన తెరిచిన ఏళ్లలోనే వైద్యం తలకిందులైంది. స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ చేతుల్లో దొరికింది. తరవాత పాస్ అనే మందు, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మొదటిసారి క్షయకు నిజమైన మందు ఉంది. ఇక ప్రశ్న ఒకటే మిగిలింది: మందు ఉన్నప్పుడు గుట్ట ఎందుకు? జవాబు దక్షిణ భారతం నుంచే వచ్చింది. 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. వాలెస్ ఫాక్స్ దానికి నాయకుడు. పేద ఇళ్లలోని రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇంట్లోనే, ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో వచ్చిన ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఇరుకు ఇంట్లో, తక్కువ తిండితో, పని చేసుకుంటూ మందు మింగినవాళ్లు కూడా శానిటోరియం రోగుల్లాగే కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు జబ్బు సోకడం కూడా పెరగలేదు. ఈ ఫలితంతో దేశదేశాల శానిటోరియంల తలుపులు మూతపడడం ఊపందుకుంది. 1962లో వచ్చిన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి వైద్యం మీదనే నిలబడింది. అనంతగిరి దవాఖాన తలుపులు మూయలేదు, కానీ క్షయరోగికి గుట్ట తప్ప వేరే దారి లేదన్న కాలం పోయింది.

పేదలకు అది మేలే. 25 లక్షల మందికి మంచాలు వేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, మందు బిళ్లలు ఇవ్వడం సాధ్యం. కానీ రోగి మళ్లీ ఇంటికి వచ్చాడు, వేరు కంచం ఉన్న ఇంటికే. గుట్ట మీది పక్క మంచం అక్కడే ఉండిపోయింది. మందు ఇంటికి వచ్చినంత సులభంగా తోడు ఇంటికి రాలేదు.

గుట్ట దిగి తాండూరు వైపు పోతే ఈ మాట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో ధారూర్ వస్తుంది. ఏటా నవంబరులో అక్కడ మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. గుట్ట మీద కార్తీకంలో పద్మనాభస్వామి జాతర. జబ్బులతో, దిగుళ్లతో మొక్కుకునేవాళ్లు రెండు చోట్లకూ పోతారు. ఆ దారి చివరున్న తాండూరు రాతి ఊరు. తాండూరు బండ అన్న పేరుతో తెలుగు ఇళ్ల నేలల మీద పరుచుకున్న నాపరాయి ఇక్కడి గనులదే. ఊరి చుట్టూ గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు. ఇక్కడి కంది కూడా పేరున్నదే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొలంలో పని లేని నెలల్లో బండల పని చూసుకునేవాళ్లు ఎందరో. రాయి కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఎంత ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తికి అంత ముప్పు. సిలికా దుమ్ముతో గట్టిపడ్డ ఊపిరితిత్తికి క్షయ సోకే అవకాశం పెరుగుతుందన్నది వైద్యంలో స్థిరపడ్డ విషయం. నీళ్లు చల్లుతూ కోయడం, ముక్కుకు గట్టి మాస్కు, గాలి ఆడే షెడ్డు దానికి తెలిసిన కాపలాలు. రాతి కూలీకి క్షయ వస్తే దగ్గు దుమ్ముదా, జబ్బుదా అన్న అనుమానంలోనే వారాలు గడిచిపోతాయి. పని మానేస్తే తిండి లేదు, పని చేస్తే దగ్గు ఆగదు. ఈ ఇరుకులో పడ్డ మనిషి రంది ఎట్లాంటిదో ఏ ఎక్స్‌రేలోనూ కనిపించదు.

ఆ రందిని లెక్కలోకి తీసుకున్న తొలి పరిశోధనల్లో ఒకటి కర్ణాటకలో జరిగింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ 1963లో తుమకూరు పల్లెల అధ్యయనాన్ని ప్రచురించారు. పల్లెటూరివాళ్లకు జబ్బు గురించి తెలియదు, పట్టించుకోరు అని అందరూ అనుకుంటున్న రోజులవి. వాళ్లు మూడు విషయాలు విడివిడిగా అడిగారు: లక్షణాలు తెలుసా, దాని గురించి దిగులు పడుతున్నారా, ఏదైనా చేశారా. రోగుల్లో దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. ఎక్కువమంది దిగులు పడుతున్నారు. సగానికి పైగా ఎక్కడో ఒకచోట వైద్యం కోసం పోయారు, కానీ ఎక్కువసార్లు వాళ్లను దగ్గు మందు చేతికిచ్చి వెనక్కి పంపేశారు. అజ్ఞానం అనుకున్నది నిజానికి నిరాశ అని ఆ అధ్యయనం చూపించింది. రోగి దిగులును వైద్యానికి అడ్డంకిగా చూడకుండా, అతణ్ణి దవాఖానకు నడిపించే బలంగా చూడడం అందులోని గొప్పతనం. ఈ ఒక్క చూపు కోసమే ఆ అధ్యయనం ఇప్పటికీ చదవదగ్గది.

1997లో డాట్స్ పద్ధతి దేశంలో మొదలై 2006 నాటికి అన్ని జిల్లాలకూ చేరింది. ఆరు నెలల మందు. తొలి నెలల్లో ఒకరి కళ్ల ముందు మింగాలి. ఆ ఒకరు ఆరోగ్య కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. దీన్ని నిఘాగా చూసినవాళ్లున్నారు, అందులో నిజమూ ఉంది. మందు మింగుతున్నంతసేపు ఎదుట కూర్చున్న మనిషి రెండు మాటలు మాట్లాడితే మాత్రం, గుట్ట మీది పక్క మంచంలో కొంత భాగం పల్లెకు వచ్చినట్టే. క్షయ రోగుల్లో కుంగుబాటు మామూలు జనంలో కంటే ఎక్కువని, కుంగినవాళ్లు మందు మధ్యలో మానేసే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతూ వచ్చాయి. కొన్ని మందులే నిద్రను, మనసును కలవరపెడతాయి కూడా. మందు పొట్లాంతో పాటు పలకరింపు కూడా చికిత్సలో భాగమన్న మాట వైద్యంలో నెమ్మదిగా స్థిరపడింది.

శానిటోరియం రోజుల పాలూ గుడ్డూ కూడా వేరే రూపంలో తిరిగి వచ్చాయి. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద మందు వాడుతున్న రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. 2023లో వెలువడ్డ ఝార్ఖండ్ అధ్యయనం తిండి బలాన్ని లెక్కలతో చూపించింది. రోగుల కుటుంబాలకు బియ్యం, పప్పు కలిపిన తిండి సంచి నెలనెలా ఇస్తే, ఇంట్లో మిగతావాళ్లకు క్షయ జబ్బు రావడం 39 నుంచి 48 శాతం దాకా తగ్గింది. మందు ఉంటే చాలు, తిండితో పనిలేదన్న తొందరపాటును ఈ ఫలితం సరిదిద్దింది. కొండగాలి మీద పాత వైద్యులు పెట్టుకున్న నమ్మకం నిలబడలేదు, గిన్నెలోని అన్నం మీది నమ్మకం నిలబడింది.

బాధ నుంచి మనిషి ఎదగడం అన్న మాటను మనస్తత్వశాస్త్రం 1990లలో కొలవడం మొదలుపెట్టింది. అమెరికాకు చెందిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ 1996లో దానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. సాటిమనిషితో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, బతుకు విలువ, ఆధ్యాత్మిక మార్పు అని ఐదు వైపులు చూశారు. గాయం మంచిదని వాళ్లు అనలేదు. గాయంతో చేసే పెనుగులాట వల్ల ఆ మార్పు వస్తుందన్నారు. ఈ తేడా ముఖ్యం. జబ్బు వచ్చినందుకే మంచిమనిషయ్యాడని రోగి ముఖాన చెప్పడం క్రూరత్వం. చాలామందికి క్షయ మిగిల్చింది అప్పు, ఆయాసం, తెగిపోయిన పెళ్లి సంబంధం. అయినా కొందరిలో ఆ పెనుగులాట ఇంకో మనిషికి పనికొచ్చే నేర్పుగా మారింది. దానికి ఇప్పుడు ఒక పేరు, ఒక పద్ధతి వచ్చాయి. కోలుకున్నవాళ్లకు శిక్షణ ఇచ్చి టీబీ ఛాంపియన్లుగా రోగుల దగ్గరికి పంపడం. చెన్నైకి చెందిన రీచ్ సంస్థ ఇందులో ముందు నడిచింది. తరవాత జాతీయ కార్యక్రమం కూడా దాన్ని తీసుకుంది. ఛాంపియన్ చేసే పని చూస్తే అందులో పెద్ద రహస్యం కనిపించదు. ఇంటికి పోతాడు, నాకూ వచ్చింది, ఆరు నెలలు వాడాను, తగ్గింది అంటాడు. మందు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దంటాడు. ఇంటివాళ్లతో కంచం వేరు పెట్టాల్సిన పని లేదని చెబుతాడు. వార్డులో పాత రోగి కొత్త రోగికి చెప్పిన మాటలివే. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం ఇంకోవైపు నుంచి ఇదే పని చేయబోయింది. రోగిని ఎవరో ఒకరు దత్తత తీసుకున్నట్టుగా తిండి సంచి ఇచ్చి పలకరించడం.

అనంతగిరి చుట్టూ లోకం మారింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా కేంద్రమైంది, తాండూరు ఆ జిల్లాలోకి వచ్చింది. 2023లో వికారాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన కార్లతో గుట్ట దారి నిండిపోతుంది. పొగమంచు కోసం, అడవి నడక కోసం, మూసీ పుట్టిన చోటు చూడడం కోసం జనం వస్తారు. ఒకప్పుడు రోగులను ఇక్కడికి రప్పించిన గాలి కోసమే ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వస్తున్నారు. క్షయ మందు కోసం గుట్ట ఎక్కాల్సిన పని లేదు. తాండూరులో, ధారూర్‌లో, వికారాబాద్‌లో సర్కారు దవాఖానలోనే తెమడ పరీక్ష చేసి మందు పొట్లం చేతికిస్తారు, డబ్బు అడగరు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు ఉంటే పోవాల్సింది అక్కడికే. ఆ పొట్లం తీసుకుని ఇల్లు చేరిన మనిషికి, ఆ రాత్రి కంచం అందరితోపాటే పెట్టవచ్చు.